ఇంజను కాడ చదువు

కపిలలు ఆగిపోయి, కరెంటు ఇంకా రాని నడిమి కాలం ఒకటి మా పల్లెల్లో ఉండేది. దాన్ని ఆయిల్ ఇంజన్ల కాలం అనొచ్చు. మదనపల్లె, పీలేరు, వాయల్పాడు చుట్టుపక్కల మెట్ట ఊళ్లకు కాలువల్లేవు. చెరువు నిండితే వరి, లేకుంటే బావే దిక్కు. ఆ బావుల మీద ఎద్దుల పనిని ఇంజను అందుకున్న ఇరవై, ముప్పై ఏళ్లలో మా జనం ఒక యంత్రాన్ని ఎంత లోతుగా ఎరిగి ఉండేవాళ్లో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సంతకం రాని మనిషి కూడా పొగ రంగు చూసి జబ్బు చెప్పేవాడు. తర్వాత ఎన్నో యంత్రాలు వచ్చాయి, ఎంతో మేలు చేశాయి. అంత చనువు మాత్రం జనానికి మళ్లీ దేనితోనూ కుదరలేదు.

ముందు కపిల సంగతి చెప్పాలి, అది తెలిస్తేగాని ఇంజను సంగతి తెలియదు. బావి గట్టు మీద రెండు రాతి కూసాలు, వాటి నడుమ కొయ్య గిలక. లోపల ఇనప బాన, దాని అడుగున తోలు తొండం. బానకు లావాటి మోకు, తొండం కొసకు సన్నతాడు. ఎద్దులు వాలుబాటలో దిగుతుంటే బాన పైకి లేస్తుంది. సన్నతాడు తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది కాబట్టి దారిలో నీళ్లు కారవు. బాన గట్టు దాటేసరికి సన్నతాడు తొండాన్ని తొట్టి మీదికి లాగుతుంది, నీళ్లు వాటంతటవే కుమ్మరించుకుంటాయి. ఎవరూ చెయ్యి వెయ్యనక్కర్లేదు. తోలే మనిషి దిగేటప్పుడు మోకు మీద కూర్చుని తన బరువు కూడా ఎద్దులకు సాయం ఇస్తాడు. తర్వాత ఎద్దులు వెనక్కి నడుచుకుంటూ గట్టెక్కుతాయి. గిలక వడ్రంగి చేసేవాడు, ఇరుసు కమ్మరి కొట్టేవాడు, తంగేడు చెక్కతో పదును చేసిన తోలుతో తొండం కుట్టేవాళ్లు మాదిగవాడలో ఉండేవాళ్లు. కపిలలో ఏ ముక్క విరిగినా దాన్ని చేసిన మనిషి ఇల్లు ఎక్కడో అందరికీ తెలుసు. చేసే విద్య మాత్రం ఆ కులం గడప దాటేది కాదు. చూసి తెలుసుకోవచ్చు, చెయ్యి పెట్టకూడదు. తొండం కుట్టినవాడి చేతిపని మీద ఊరంతా బతికింది, అతన్ని మాత్రం బావి దగ్గరికి రానియ్యలేదు. ఆ రోజుల్ని తీపిగా తలచుకునేవాళ్లు ఈ మాట మరిచిపోకూడదు.

ఇంజను ఎద్దుల బండి మీద వచ్చింది. భూమి తనఖా పెట్టి బ్యాంకులో తీసుకున్న అప్పుతో కొన్నది అది. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన సూత్రం, 1946లో మొదలైన పూనా కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ లాంటి కంపెనీల మీదుగా మా రాళ్ల బావి గట్టుకు చేరింది. సిమెంటు దిమ్మె మీద బోల్టులు బిగించి, పక్కన పంపు పెట్టి, రెండింటికీ బెల్టు తొడిగారు. అది నాలుగు అడుగుల ఇనుము. దాని భాగాలు చాలావరకు బయటికి కనపడుతుండేవి. తిరిగే చక్రం తిరుగుతూ కనపడేది, వాల్వు ఎగిరిపడేది, వేగాన్ని అదుపు చేసే గవర్నరు గుళ్లు విచ్చుకునేవి. ఇంజను మీది తొట్టిలో పోసిన నీళ్లు కాగి ఆవిరి లేచేది. నాలుగు స్పానర్లు, ఒక రెంచి ఉంటే మొత్తం విప్పొచ్చు, మళ్లీ బిగించొచ్చు. విప్పడానికి వీలుగానే చేసిన యంత్రం అది. జనం దాన్ని తెలుసుకోగలగడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం. మిగతా సగం అవసరం. చెరుకుతోట ఎండిపోతుంటే టౌను నుంచి మనిషి వచ్చేదాకా ఆగలేం.

దాన్ని తిప్పడమే ఒక విద్య. ముందు చెంబుతో తొట్టిలో నీళ్లు, తర్వాత గుడ్డతో తుడిచిన పుల్లతో ఆయిలు మట్టం. పంపులోకి నీళ్లు పోసి గాలి వెళ్లగొట్టాలి. అప్పుడు హ్యాండిలు. మా నాయన మొట్టమొదట నేర్పింది బొటనవేలి సంగతి. హ్యాండిలు పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే, ఒకే వైపు ఉండాలి. చుట్టి పిడికిలి బిగిస్తే, ఇంజను వెనక్కి తన్నినప్పుడు బొటనవేలు విరుగుతుంది. ఊళ్లో వంకర బొటనవేళ్లు రెండు మూడు ఉండేవి, వాటిని చూపించి మరీ చెప్పేవాడు. ఒకరు హ్యాండిలు తిప్పుతుంటే ఇంకొకరు వాల్వు తెరిచి ఉంచే లివరు ఎత్తి పట్టుకోవాలి. చక్రం వేగం అందుకోగానే "వదులు!" అంటే లివరు వదలాలి. ఒక్క దగ్గు, రెండు దగ్గులు, ఆ తర్వాత డుగ్ డుగ్‌మని పట్టాలెక్కేది. లివరు వదిలే పని పిల్లలది. ఆ పని నాకు అప్పగించిన రోజు బడిలో ఫస్టు వచ్చిన రోజు కన్నా ఎక్కువ సంతోషపడ్డాను.

నిప్పు ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం నన్ను చాలా రోజులు వేధించింది. పొయ్యికి అగ్గిపుల్ల కావాలి, పెట్రోమాక్సుకు స్పిరిట్ మంట కావాలి. మోటారు సైకిలుకు ప్లగ్గు ఉంటుందని విన్నాను. దీనికి అవేవీ లేవు. మదనపల్లెలో ఒక షెడ్డులో పని నేర్చుకుని వచ్చిన కుర్రవాడు మా చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ల ఇంజన్లు చూసేవాడు. ఒకసారి నాజిలు మార్చడానికి వచ్చినప్పుడు అడిగాను.

"అగ్గి యాడ్నించి వస్తాదన్నా దీంట్లోకి?"

అతను నవ్వలేదు. చేతులు గుడ్డతో తుడుచుకుని, "పోయి ఆ సైకిలు పంపు ఎత్తకరా" అన్నాడు. తెచ్చాను. "మూతి బొటనవేలితో గట్టిగా మూయ్. ఇంగ కొట్టు." పది సార్లు కొట్టేసరికి రొప్పు వచ్చింది. "ఇప్పుడు అడుగున చెయ్యి పెట్టి చూడు." ఇనుము వెచ్చగా ఉంది. "నీ బలానికే అంత కాలితే ఈ చక్రం బలానికి లోపల గాలి ఎంత కాలాల? దాంట్లోకి క్రూడాయిలు మంచు మాదిరి చల్లితే అంటుకోకుండా యాడికి పోతాది?" అని, విప్పిన నాజిలును పైపుకు తగిలించి చేత్తో పంపు కొట్టి చూపించాడు. సూది మొన కన్నా సన్నటి రంధ్రాల నుంచి డీజిలు పొగలా బుస్సుమంది. "ముందర చెయ్యి పెట్టొద్దు, తోల్లోకి దిగిపోతాది" అని కూడా హెచ్చరించాడు. కొన్నేళ్లకు కాలేజీలో ఉష్ణగతిక శాస్త్రం చదివినప్పుడు లెక్చరర్ బోర్డు మీద గీసిన గీతలకు ముందే నా అరచేతిలో ఆ వెచ్చదనం ఉంది. గాలిని నొక్కితే వేడెక్కుతుందని పరీక్షలో రాసినవాళ్లు వందల మంది. దాన్ని సైకిలు పంపుతో చూపించినవాణ్ణి నేను అతనొక్కణ్ణే చూశాను.

అతను కమ్మరి ఇంట పుట్టినవాడు కాదు. ఇంజను చేసిన మేళ్లలో దీన్ని నేను పెద్దదిగా లెక్కిస్తాను. అది బయటి నుంచి వచ్చింది కాబట్టి దాని విద్య ఎవరి వంశ హక్కూ కాలేదు. స్పానరు పట్టగలిగినవాడిది అది. ఏ ఇంటి గడప తొక్కనివ్వని కుర్రాళ్లను కూడా ఇంజను ఆగిపోయిన రోజు పెద్ద రైతులు సైకిలేసుకుని వెళ్లి పిలుచుకొచ్చేవాళ్లు. మంచినీళ్ల గ్లాసు దగ్గర పాత పద్ధతి పోలేదు, ఆ మాట దాచను. అయినా వాళ్లు చెప్పింది మాత్రం వినాల్సి వచ్చేది.

బాగు చేసే రోజు బావి గట్టున పదిమంది పోగయ్యేవాళ్లు. ఇంజను విప్పితే ఊరంతా చూసేది. పిస్టను బయటికి తీసి రింగులు గోటితో తడిమి, "అరిగినాయబ్బా" అని ఒకరు అంటే, "నీలం పొగ వస్తాన్నప్పుడే నేను అనుకుంటి" అని ఇంకొకరు. నీలం పొగ వస్తే రింగులు అరిగి ఆయిలు కాలుతోందని, నల్లపొగ వస్తే బరువు ఎక్కువైందనో నాజిలు చెడిందనో అర్థం. డీజిలు ట్యాంకు అడుగంటి పైపులోకి గాలి చేరితే, ఎక్కడ స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా కొట్టాలో పదేళ్ల పిల్లవాడికి తెలుసు. గ్యాస్కెట్టు చిరిగితే అట్టముక్క మీద పెట్టి గీసి, కత్తిరించి, ఆయిల్లో తడిపి వేసేవాళ్లు. పంపు గొట్టం అతుకు దగ్గర గాలి పీలుస్తుంటే పేడ మెత్తేవాళ్లు. లోపలికి పోయే గాలి పేడను ఇంకా గట్టిగా లాక్కుని మూసేస్తుందన్న కిటుకు దాంట్లో ఉంది. అట్లా కారణం సరిగ్గా తెలిసి చేసిన పనులు కొన్ని, పెద్దవాళ్లు చేశారని చేసినవి కొన్ని. కొత్త బెల్టు వేసిన రోజు నిమ్మకాయ కట్టడం రెండో రకం.

అన్నిటికన్నా నాకు గొప్పగా తోచేది లోతు సంగతి. ఎండాకాలం బావిలో నీళ్లు దిగిపోతుంటే పంపు నీళ్లు ఎత్తడం తగ్గేది. ఎంత పెద్ద ఇంజను పెట్టినా, పంపుకూ నీళ్లకూ మధ్య ఇరవై అయిదు అడుగులు దాటితే నీళ్లు ఎక్కవని మా వాళ్లందరికీ తెలుసు. అందుకని బావి లోపలే గట్టు తొలిచి, మోకులు కట్టి, ఊరి మగవాళ్లంతా కలిసి ఇంజనును ఒక మెట్టు కిందికి దించేవాళ్లు. నీళ్లను పైకి తోసేది గాలి బరువని, పంపు చేసే పని గొట్టంలో చోటు ఖాళీ చేయడమేనని, ఏమాత్రం లోపం లేని పంపుకైనా సుమారు 34 అడుగులే హద్దని నేను చాలా ఆలస్యంగా చదువుకున్నాను. 1638లో అచ్చయిన తన పుస్తకంలో గెలీలియో ఈ హద్దును ప్రస్తావించాడు. అందులో ఒక పాత్రకు ఈ సంగతి చెప్పింది పంపు బాగు చేయడానికి వచ్చిన ఒక పనివాడు. పంపు చెడిపోలేదు, నీళ్లు ఆ ఎత్తు దాటవు, అంతే అని అతను చెబుతాడు. గెలీలియోకు కూడా సరైన కారణం అందలేదు. మరి కొన్నేళ్లకు టారిచెల్లీ గాలికి బరువుందని, నీటిని నెట్టేది అదేనని తేల్చాడు. పనివాడికి హద్దు తెలిసింది, పండితుడికి కారణం తర్వాత తెలిసింది. ఈ వరస చదివినప్పుడు నాకు ఇటలీ గుర్తు రాలేదు, బావి మెట్ల మీద మోకు భుజాన వేసుకుని నిలబడ్డ మా చిన్నాయన గుర్తొచ్చాడు.

ఇంజనును కిందికి దించడంలో ప్రమాదం కూడా ఉండేది. పొగ బావిలో నిలిచిపోతే మనిషి కూలబడిపోతాడు. అది తెలిసినవాళ్లు పొగగొట్టాన్ని పైదాకా పొడిగించేవాళ్లు. తెలియని చోట్ల ప్రాణాలు పోయాయి. బెల్టు దగ్గర పంచె చుట్టుకుని చెయ్యి పోగొట్టుకున్నవాణ్ణి పక్క ఊళ్లో చూశాను.

చెవి సంగతి కూడా చెప్పాలి. రాత్రి పూట తడి పెడుతుంటే ఇంజను శబ్దం ఊరి దాకా వినిపించేది. నాయన నిద్రలోనే లేచి కూర్చునేవాడు. "పంపు నీళ్లు వదిలింది" అని లాంతరు తీసుకుని బయల్దేరేవాడు. నీళ్లు తెగిపోగానే ఇంజను మీద బరువు పోతుంది, గవర్నరు డీజిలు తగ్గిస్తుంది, దెబ్బ మెత్తబడుతుంది. ఆ మెత్తదనం పడుకున్న మనిషిని లేపేది. నాలుగు బావుల మీద నాలుగు ఇంజన్లు నడుస్తుంటే ఏది ఎవరిదో, దాంట్లో ఏది అలిసిపోతోందో మంచాల మీద నుంచే చెప్పుకునేవాళ్లు. ఇంట్లో అమ్మకు పంపు స్టవ్వుతో అదే చనువు. మంట పసుపుగా లేస్తే పిన్ను వేసేది, పంపు గాలి పట్టకపోతే తోలు వాషరుకు నూనె రాసి విచ్చదీసేది. ఆడవాళ్లకు యంత్రాలు తెలియవనే మాట నేను ఎప్పుడు విన్నా ఆ తోలు వాషరు పట్టుకున్న వేళ్లు కళ్ల ముందు మెదులుతాయి.

ఇంత తెలిసిన జనాన్ని మొదటిసారి ఓడించింది రేడియో. పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు డబ్బు కట్టిన రోజులవి. రేడియోను కూడా విప్పొచ్చు, మా ఊళ్లో విప్పినవాళ్లు ఉన్నారు. లోపల రంగు రంగుల చిన్న చిన్న వస్తువులు, తీగలు. ఏదీ కదలదు, ఏదీ అరగదు. చూసినవాళ్లు మూత పెట్టేశారు. అయినా మా అవ్వ అడిగిన ప్రశ్న గొప్పది. "పగలు రాని టేసను రాత్రి యెట్ల వస్తాదిరా?" దూరపు మీడియం వేవ్ స్టేషన్లు చీకటి పడ్డాక స్పష్టంగా వినిపించేవి, తెల్లారితే మాయం. రాత్రి సద్దు ఉండదని ఒకరు, గాలి చల్లబడుతుందని ఒకరు చెప్పారు. అవ్వ ఏదీ ఒప్పుకోలేదు. "సద్దు లేని మద్దేనం పూట ఎందుకు రాదు?" అనేది. అసలు సంగతి ఏమిటంటే, పైన ఆకాశంలో ఎండ వల్ల విద్యుదావేశం పొందిన గాలి పొరలున్నాయి. వాటిలో కింది పొర పగలంతా ఆ తరంగాలను మింగేస్తుంది. రాత్రి అది కరిగిపోతుంది, పై పొర తరంగాలను నేలకు తిప్పి పంపుతుంది. 1924లో ఇంగ్లండులో ఆపిల్టన్ ఆ పై పొర ఉందని బీబీసీ ప్రసారాలను వాడుకుని రుజువు చేశాడు, 1947లో నోబెల్ బహుమతి పొందాడు. పగలు నిలకడగా ఉన్న ప్రసారం రాత్రి ఎందుకు మారుతుందన్న ఆలోచనే అతన్ని అటు నడిపింది. బడి మొహం చూడని మా అవ్వ కూడా అటువంటి తేడానే పట్టుకుంది. ఇంజనైతే ఆమె ప్రశ్నకు బావి గట్టునే జవాబు దొరికేది. రేడియో విషయంలో జవాబు చెప్పగల మనిషి మా తాలూకాలో లేడు.

తర్వాత కరెంటు వచ్చింది. 1959లో ఏర్పడిన విద్యుత్ బోర్డు స్తంభాలు మా ఊరు చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. అయిదు హార్స్ పవర్ మోటారు రాగానే ఇంజన్లు గోనెపట్టాల కిందికి వెళ్లిపోయాయి. ఒక మీట ఎత్తితే నీళ్లు. ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను, నాయన వీపు నొప్పి దానితోనే తగ్గింది. కానీ ఇంజను కాడ నేర్చిన ధైర్యం కరెంటు కాడ ప్రాణాలు తీసింది. ఇంజను తప్పు చేస్తే ముందే మూలుగుతుంది, పొగ వదులుతుంది, వేడెక్కుతుంది. తీగ ఏమీ చెప్పదు. లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తామే ఫీజు వేయబోయి చనిపోయిన రైతులు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో. వాళ్లను తెలివితక్కువ వాళ్లన్నవాళ్లతో నేను గట్టిగా పోట్లాడాను. చెడిపోతే మనమే విప్పాలి, మనమే బిగించాలి అన్న పాఠాన్ని ఒక యంత్రం వాళ్లకు నేర్పింది. ఆ పాఠం పనికిరాని చోటికి వచ్చామని ఎవరూ వాళ్ల భాషలో, వాళ్ల గట్టు మీద కూర్చుని చెప్పలేదు. మోటారు అమ్మినవాళ్లు చెప్పలేదు, స్తంభాలు నాటినవాళ్లు చెప్పలేదు.

ఆ తర్వాత బావులు ఎండి బోర్లు వచ్చాయి. సబ్‌మెర్సిబుల్ మోటారు నీళ్లలోనే మునిగి ఉండి పైకి నెడుతుంది కాబట్టి పాత ఇరవై అయిదు అడుగుల హద్దు దానికి లేదు. వందల అడుగుల కింద దాన్ని ఒకసారి దించాక మళ్లీ కంటికి కనపడేది కాలిపోయినప్పుడే. పైన ఉండేది ఒక పెట్టె, దాంట్లో ఒక ముల్లు. మా ఊరి రైతులు ఆ ఒక్క ముల్లును ఎంత బాగా చదువుతారో చూశాను. ఆంపియర్లు తగ్గితే బోరులో నీళ్లు తెగాయి, పెరిగితే ఎక్కడో పట్టేస్తోంది. తెలుసుకోవాలన్న ఆకలి మా వాళ్లలో ఏమీ చావలేదు. దానికి దొరికే కిటికీ అంత చిన్నదైపోయింది. ఇంజను విప్పితే పదిమంది పోగయ్యేవాళ్లు, ముల్లు దగ్గర నిలబడేది ఒక్కడే. మాట్లాడుకుంటూ తెలుసుకునే పద్ధతి పోవడమే నాకు అన్నిటికన్నా పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఫోను చేస్తే మోటారు ఆన్ అయ్యే స్టార్టర్లున్నాయి. మొన్న ఊరికి వెళ్లినప్పుడు మా అన్న మనవడు మదనపల్లెలో పాలు పోసి తిరిగొస్తూ బండి మీద నుంచే టమాట తోటకు నీళ్లు పెట్టాడు. "నువ్వు ఫోను చేస్తే ఆ పెట్టెకు ఎట్లా తెలుస్తాదిరా?" అని అడిగాను. "దాంట్లో కూడా సిమ్ము ఉంది తాతా" అన్నాడు. అంతవరకు సరిగ్గానే తెలుసు. సిమ్ము విన్నాక మోటారును ఎవరు కదిలిస్తారంటే చెప్పలేకపోయాడు. పెట్టె మూత మీద, తెరిస్తే గ్యారంటీ పోతుందని స్టిక్కరు అంటించి ఉంది. మరుసటి రోజు ఇద్దరం టౌనులో రీవైండింగ్ షాపుకు వెళ్లాం. షాపతను పిడుగుపాటుకు చెడిన పాత బోర్డు ఒకటి బయటికి తీసి, దాని మీది చిన్న ప్లాస్టిక్ డబ్బీకి బ్యాటరీ తీగలు ఆనించాడు. టక్‌మని చప్పుడైంది. డబ్బీ మూత ఊడదీశాడు. లోపల తీగ చుట్టిన చిన్న ముక్క, దానికి అంటుకుని వదిలే ఇనప రేకు. "దీనికి రవ్వంత కరెంటు ఇస్తే అయస్కాంతం అవుతాది, రేకును లాగుతాది, ఆ రేకు పెద్ద కరెంటుకు దారి ఇస్తాది" అన్నాడు. పిల్లవాడు తీగలు తన చేతికి తీసుకుని మళ్లీ మళ్లీ ఆనించి చూశాడు. తర్వాత షాపతన్ని అడిగాడు: "అన్నా, నీళ్లు అయిపోయినప్పుడు ఇది తనంతట తనే ఎట్లా ఆపుతాది?" అతను స్టూలు జరిపి కూర్చోమన్నాడు. మేము ఆ రోజు అన్నానికి ఇంటికి చేరేసరికి మూడయింది.